మంచు పట్టిన మాట

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను చేసింది. అది హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నది. ఎప్పుడైనా ఫోను చేస్తే "తాతయ్యా, ఒంట్లో ఎలా వుంది?" అని అడిగి, నేను మోకాళ్ల నొప్పుల సంగతి ఎత్తుకునేలోగా "అమ్మమ్మకియ్యి" అనటం దాని అలవాటు. ఆ రోజు మాత్రం అమ్మమ్మ ఊసెత్తలేదు.

"తాతయ్యా, నెబ్యులస్ అంటే ఏమిటి?" అన్నది.

చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "ఎక్కడ చూశావే ఆ మాట?"

"మా ఇంగ్లీషు మేడమ్ నా వ్యాసం మార్జినులో రాసింది. ఆ ఒక్క మాటే. అర్థం ఫోనులో చూశాననుకో. అస్పష్టం అని వున్నది. అంతమాత్రానికి వేగ్ అని రాయవచ్చుగా? ఈ మాటే ఎందుకు? నువ్వు ఆఫీసులో బోలెడు ఇంగ్లీషు రాసేవాడివని అమ్మ చెప్పింది. చెప్పు."

పిల్లకు ఏమని చెప్పను? ఈ బిరుదు మా ఇంటికి రావటం ఇది రెండోసారి అని చెప్పనా? మొదటిసారి వచ్చింది నాకే.

అది 1974. నాకు ఇరవైయారేళ్లు. గోదావరి జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. అక్కడొక సర్కారీ ఆఫీసు. అందులో నేనొక గుమాస్తాను. ఏ ఆఫీసో చెప్పను, నా తప్పు చెప్పుకోవటానికి ఆఫీసు పేరెందుకు? ఒక ఫైలు మీద నేను నోటు రాశాను. మా సెక్షనులో నోట్లు ఇంగ్లీషులోనే నడిచేవి. "ది మేటర్ మే బి కన్సిడర్డ్ సూటబ్లీ" అని రాసి, కింద పొట్టి సంతకం గిలికాను. అనగా, ఈ విషయమును తగు విధముగా పరిశీలించవచ్చును. ఎవరు పరిశీలించాలి? ఏది తగు విధం? ఎన్నాళ్లలో? అవేవీ అందులో లేవు. అవి లేకుండా వాక్యం పూర్తి చేయటమే అప్పట్లో నా ప్రతిభ.

సాయంత్రానికి ఫైలు తిరిగి వచ్చింది. మార్జినులో ఎర్రపెన్సిలుతో ఒకే మాట: నెబ్యులస్.

నేను బి.ఏ. ప్యాసయినవాణ్ణి. అయినా ఆ మాట నా చదువులో ఎక్కడా తగల్లేదు. హెడ్ గుమాస్తాగారి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకుని, కూడబలుక్కుని చదివారు. "నెబ్... నిబ్బు... లూజు. నిబ్బు లూజయిందంటున్నారయ్యా! చూడు, నీ అక్షరాలు ఎలా పాకిపోయాయో. వెళ్లి కొత్త పాళీ కొనుక్కో" అన్నారు.

నవ్వకండి. నేను నిజంగానే కొత్త పాళీ కొన్నాను. అదే వాక్యాన్ని తెల్లకాగితం మీద ముత్యాల్లా రాసి, పైకి పంపించాను. మర్నాడు ఫైలు మళ్లీ వచ్చింది. ఈసారి "స్టిల్ నెబ్యులస్" అని వున్నది. దాని కింద "ప్లీజ్ స్పీక్" అని కూడా వున్నది. సర్కారీ భాష తెలియనివారి కోసం చెబుతున్నాను: ప్లీజ్ స్పీక్ అంటే దయచేసి మాట్లాడమని కాదు, లోపలికి వచ్చి చివాట్లు తినమని.

లోపలికి వెళ్లేముందు గ్రంథాలయానికి పరుగెత్తాను. శంకరనారాయణగారి నిఘంటువు అట్టలూడి, దారంతో కట్టి వున్నది. అందులో ఆ మాట వెతికి పట్టుకున్నాను. మబ్బు పట్టినది, మసకగా వున్నది అనే అర్థం బోధపడింది. బోధపడగానే చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ ఫైలు ఎవరిదో నాకు తెలుసు.

మా శాఖలోనే బంట్రోతుగా పనిచేస్తూ పోయిన ఒకాయన భార్య పెట్టుకున్న కుటుంబ పింఛను అర్జీ అది. ఆయన సర్వీసు రిజిస్టరు 1969 మే నెల తుపానులో తడిసి, మూడేళ్ల పద్దులు సిరాతో సహా అలుక్కుపోయాయి. ఆ మూడేళ్లు ఆయన పనిచేశాడో లేదో తేలితే తప్ప ఫైలు కదలదు. పదకొండు నెలలుగా అది ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరుగుతున్నది. ప్రతి బల్ల దగ్గరా ఎవరో ఒకరు "తగు విధముగా" అని రాసి పంపిస్తున్నారు. వారిలో నేను మూడుసార్లు వున్నాను.

ఆమె ప్రతి సోమవారం వచ్చేది. గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చునేది. మధ్యాహ్నం మేము టీకి బయటికి వచ్చేవేళకు లేచి నిలబడేది. "ఏమైంది బాబూ?" అనేది. "చూద్దామమ్మా" అనేవాణ్ణి నేను. విసుక్కోలేదు, కసురుకోలేదు. తోటివాళ్లు కొందరు కసిరేవారు. నేను మంచివాణ్ణని నా నమ్మకం. ఒక సోమవారం ఆమె కదలకుండా నిలబడి, "చూద్దామంటే ఏంటి బాబూ? వత్తాదనా, రాదనా?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. తెలియని ఊళ్లో దారి అడిగినట్టు అడిగింది. "చూద్దామమ్మా" అని మళ్లీ అన్నాను. అంతకన్న ఏమీ తోచలేదు.

సరే, లోపలికి వెళ్లాను. ఆఫీసరుగారు తల ఎత్తకుండానే అడిగారు: "ఏమయ్యా, ఆ మనిషి ఆ మూడేళ్లూ మన శాఖలో పనిచేశాడా లేదా?"

"చేశాడండి."

"నీకెలా తెలుసు?"

"పక్క తాలూకా ఆఫీసు రికార్డు గదిలో పాత జీతాల పట్టీలు వున్నాయండి. ఇంకో పని మీద వెళ్లినప్పుడు కంటపడ్డాయి. ఆయన వేలిముద్రలు వున్నాయి."

అప్పుడు తల ఎత్తారు. "మరి రాయవేం?"

రేపు ఆడిటువాళ్లు పట్టుకుంటే నా పీకకు చుట్టుకుంటుందని భయం. ఆ మాట పైకి అనలేదు గాని, ఆయనకు అర్థమయింది. "తెలిసినదాన్ని తెలిసిందని రాయి. తెలియకపోతే తెలియదని రాసి, తెలుసుకోవటానికి ఏ కాగితం కావాలో రాయి. రెండూ కానిది రాయకు" అన్నారు. ఇంతే. చివాట్లు లేవు. చివాట్లు పెట్టివుంటే ఇన్నేళ్లు గుర్తుండేది కాదేమో.

ఆ జీతాల పట్టీల నకళ్లు తెప్పించటానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజుల పనికి పదకొండు నెలలు.

మాట సంగతి మాత్రం నన్ను వదలలేదు. మా పక్కింట్లో రిటైరయిన మాస్టారొకరు వుండేవారు. హైస్కూల్లో సైన్సూ ఇంగ్లీషూ రెండూ చెప్పినవారు. మద్రాసు మూర్ మార్కెట్లో పాతది కొనుక్కొచ్చిన దుర్భిణి ఒకటి ఆయనకు ప్రాణంతో సమానం. ఆయనను అడిగాను. వెంటనే చెప్పలేదు. మాఘమాసం రోజులవి, ఒక రాత్రి ఊళ్లో కరెంటు పోగానే గోడ అవతలినుంచి "రావయ్యా, నీ మాట చూపిస్తాను" అని కేకేసి డాబా మీదికి పిలిచారు.

లాటిను భాషలో నెబ్యులా అంటే మంచు, మబ్బు. జర్మనులో నేబెల్ అంటే ఇప్పటికీ పొగమంచే. గ్రీకులో నెఫెలే. ఇవన్నీ మన సంస్కృతంలోని నభస్సుకు అక్కాచెల్లెళ్లట. నభస్సు అన్నా మొదట మబ్బూ మంచే. పోనుపోను అది మొత్తం ఆకాశమై కూర్చున్నది. ఇంగ్లీషువాడు ఆ మబ్బును విశేషణం చేసి నెబ్యులస్ అన్నాడు. ఆకాశంలో మసకగా కనిపించే మచ్చలకు నెబ్యులా అని పేరు పెట్టారు. మనవాళ్లు దానికి నీహారిక అన్నారు. నీహారమంటే మంచే కదా. ఇప్పుడు ఏ అపార్టుమెంటులో పిలిచినా ఒక నీహారిక పలుకుతున్నది. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రుల్లో ఎందరికి అది మంచు అని తెలుసో!

మాస్టారు ముందు తూర్పువైపు చూపించారు. పునర్వసుకూ మఖకూ మధ్య, పుష్యమి దగ్గర, కళ్లు చికిలించి చూస్తే సున్నపుచెయ్యి తుడిచినట్టు చిన్న మరక. పాతకాలపు గ్రీకులు దాన్ని మబ్బుతునక అనే అనుకున్నారు. "ఇప్పుడు చూడు" అని దుర్భిణి ఇచ్చారు. మరక మాయమైంది. దాని స్థానంలో చుక్కలు! చిట్టిచిట్టి చుక్కలు, ఒక్కొక్కటీ విడివిడిగా, ముగ్గు వేయబోతూ చుక్కలు పెట్టినట్టు. గెలీలియో తన దూరదర్శినితో దాన్ని చూసి, నలభైకి పైగా నక్షత్రాలున్నాయని 1610లో ప్రకటించాడట.

ఆ తర్వాత నడినెత్తికి కాస్త దిగువగా, మృగశిర, ఆరుద్రల దగ్గర ఒకే వరుసలో నిలబడే మూడు చుక్కలు వుంటాయే, వాటి కింద వేలాడుతున్న ఇంకో మసక చూపించారు. దుర్భిణి పెట్టాను. మసక పోలేదు. కాస్త పెద్దదయింది, అంతే. దాని నడుమ రెండు మూడు చుక్కలున్నాయి గాని, మబ్బు మబ్బుగానే వున్నది.

"అది ఎంత పెద్ద దూరదర్శిని పెట్టినా మబ్బే" అన్నారు మాస్టారు. "అక్కడ వున్నదే వాయువూ ధూళీ. ఇలాంటివాటిలో కొన్ని నిజంగా వాయువేనని 1864లో విలియం హగ్గిన్స్ అనే ఆయన వాటి వెలుతురును విడగొట్టి చూసి తేల్చాడు. చుక్కలు ఇంకా అక్కడ తయారవుతున్నాయి. మన సూర్యుడూ భూమీ కూడా ఒకప్పుడు అలాంటి మబ్బులోనుంచే ముద్దకట్టాయని కాంట్ 1755లోనూ లాప్లాస్ 1796లోనూ ఊహించారు." తర్వాత నా వైపు తిరిగి, "మరి నీ నోటు ఏ మబ్బయ్యా? చుక్కలున్నదా, లేనిదా?" అన్నారు.

చీకట్లో నా మొహం కనబడలేదు గనుక బతికిపోయాను.

ఇక మనవరాలు అడిగిన ప్రశ్న. వేగ్ అంటే చాలదా? చాలదు. వేగ్ అనే మాట పుట్టింది లాటినులోని వేగస్ నుంచి. తిరుగుబోతు, దిమ్మరి అని దాని అర్థం. వేగబాండ్ అనేవాడూ ఆ కుటుంబంవాడే. ఒక చోట నిలవని మాట అది. నెబ్యులస్ తిరగదు, వున్నచోటే వుంటుంది, కాని దానికి అంచు వుండదు. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో గీత గీయలేము. అందుచేత ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎక్కువగా ఊహలకూ ఆలోచనలకూ పథకాలకూ వాగ్దానాలకూ వాడతారు. నెబ్యులస్ ప్లాన్ అంటారు, నెబ్యులస్ ఐడియా అంటారు. మనిషిని వేగ్‌గా మాట్లాడాడంటారు గాని, సాధారణంగా నెబ్యులస్ మనిషి అనరు. ఫొటో సరిగా రాకపోతే అది బ్లర్ అయిందంటారు. పొద్దున్నే గోదావరి గట్టు మంచులో కనబడకపోతే అది ఫాగ్. మాట పుట్టింది మంచులోనే అయినా, మంచుకే ఆ మాట వాడటం ఇప్పుడు తగ్గిపోయింది. పెద్దవాడై పుట్టిల్లు మరిచినట్టు. పలికేటప్పుడు కూడా మొదటి అక్షరం మీదే ఊనిక. మా హెడ్ గుమాస్తాగారు ఆ మాత్రం సరిగానే పలికారు, పాపం.

ఆంబిగ్యుయస్ అని ఇంకో మాట వున్నది. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. అది రెండు దోవల మాట. కురుక్షేత్రంలో ద్రోణుడికి ధర్మరాజు చెప్పిన ఏనుగు మాట ఆ జాతిది. అందులో మసక లేదు. రెండర్థాలూ సూర్యకాంతిలా స్పష్టం, విన్నవాడు ఒకటే పట్టుకున్నాడు. నా నోటుకు రెండర్థాలు లేవు. ఒకటీ లేదు.

మన మాటలూ తమాషాగానే వుంటాయి. అయోమయం అంటాం కదా, తలా తోకా తెలియనప్పుడు? సంస్కృతంలో అయస్సు అంటే ఇనుము. అయోమయమంటే ఇనుముతో చేసినది! అంత గట్టి మాటను తెచ్చి మనం మంచులా కరిగించాం. సందిగ్ధం అనే మాటకు మూలార్థం పూసినది, అలికినది. ఆ అర్థం తెలిసిన రోజు నాకు తడిసిన సర్వీసు రిజిస్టరు కళ్ల ముందు నిలబడింది. అంతకన్న సందిగ్ధమైన వస్తువును నేను చూడలేదు.

ఇంత చదువుకున్నవాణ్ణి బాగుపడ్డాననుకున్నారా? బాగుపడ్డాను, కొంచెం ఎక్కువగానే. ఆ తర్వాత ఎవరైనా నసిగితే నాకు ఒళ్లు మండేది. కూరలవాడు "రేపు తెస్తానండి" అంటే "ఎన్ని గంటలకు?" అనేవాణ్ణి. మా ఆవిడ "ఏదో ఒకటి వండుతాలెండి" అంటే, ఆ ఏదో పేరు చెప్పమనేవాణ్ణి. చెప్పేది గాని, ఆ పూట కూర అదోలా వుండేది.

1997లో మా అమ్మాయికి సంబంధం వచ్చింది. మంచి సంబంధం. బ్యాంకు ఉద్యోగం, ఒక్కడే కొడుకు, సొంత ఇల్లు. చూసి వెళ్లారు, నచ్చిందన్నారు. అమ్మాయిని అడిగాను. "ఏమో నాన్నా" అన్నది. మర్నాడు అడిగాను. "ఏమో నాన్నా." నా గుమాస్తా బుద్ధి నిద్ర లేచింది. దీని మనసులో వున్నది దీనికి తెలుసు, చెప్పటానికి భయపడుతున్నది, నేను రాసిన నోటులాగే అనుకున్నాను. "ఇష్టమా, కాదా? రెంటిలో ఒకటి చెప్పు. ఏమో అనే మాట నా ఇంట్లో వినపడటానికి వీల్లేదు" అని గద్దించాను.

అది ఏడవలేదు. తలుపు పట్టుకుని నిలబడి, "నిజంగానే తెలియదు నాన్నా. తెలిస్తే నీకు చెప్పనా?" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాబా మీది రెండో మసక గుర్తుకొచ్చింది. ఎంత దుర్భిణి పెట్టినా చుక్కలు కనబడని మసక. చుక్కలు దాచిపెట్టి కాదు, అవి ఇంకా కాలేదు గనుక. నేనేమో పిల్లను నిలబెట్టి, పుట్టని చుక్కలు లెక్కపెట్టమంటున్నాను.

మా ఆవిడ ఈ నక్షత్రాలేవీ చూడలేదు. "దానికి ఇరవైయొకటేళ్లు. రెండు నెలలు ఆగితే ఆకాశం ఊడిపడుతుందా?" అన్నది. ఊడిపడదు గాని, ఆగమని మగపెళ్లివారికి చెప్పాలి. మామూలుగా అయితే ఏం రాస్తాం? "జాతకాలు చూపిస్తున్నాము, మంచిరోజు చూసి తెలియజేస్తాము" అని రాస్తాం. నేను కార్డు మీద అదే మొదలుపెట్టి, చింపేశాను. "అమ్మాయి ఇంకా ఏ నిర్ణయానికీ రాలేదు. రెండు నెలల వ్యవధి కావాలి. ఈలోగా మీకు వేరే సంబంధం కుదిరితే మా కోసం ఆగవద్దు" అని రాశాను.

వాళ్లు ఆగలేదు. నెల తిరక్కుండా వేరే చోట తాంబూలాలు పుచ్చుకున్నారు. మా అన్నయ్య ఊరినుంచి వచ్చి "చేతికి వచ్చినదాన్ని చేజార్చుకున్నావు, కాస్త నానబెట్టి వుంచితే నీ సొమ్మేం పోయింది?" అని రెండు రోజులు తిట్టి వెళ్లాడు. తప్పు చేశానేమోనని నాకూ లోపల పీకుతూనే వుండేది. అమ్మాయి బి.ఇడి. చేసింది. 2001లో ఒక సంబంధం వస్తే, మేము అడక్కముందే వంటింట్లోకి వచ్చి "ఇతను బాగున్నాడమ్మా" అన్నది. ఆ ఇద్దరి కూతురే ఇప్పుడు ఫోనులో నా ప్రాణం తీస్తున్న మనవరాలు.

"ఇంతకీ వ్యాసం దేని మీదే?" అని అడిగాను.

"నా జీవిత లక్ష్యం."

"ఏం రాశావు?"

"సమాజానికి నా వంతు ఏదో మంచి చేయాలనీ, ఉన్నత శిఖరాలు అందుకోవాలనీ..."

"ఏం మంచి? ఏ శిఖరం?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. "తెలియదు తాతయ్యా" అన్నది.

"అయితే తెలియదనే రాయి. ఏవేవి ఆలోచిస్తున్నావో, ఏది ఎందుకు తేలటం లేదో రాయి. శిఖరాలు తీసెయ్యి."

"మార్కులు పోతే?"

"పోనీ" అన్నాను. అనటం తేలికే, మార్కులు నావి కావుగా. "సరే, అమ్మమ్మకియ్యి" అన్నది.

ఫోను మా ఆవిడకిచ్చి వచ్చి కూర్చుంటే, వేపచెట్టు కింద మనిషి కళ్లలో మెదిలింది. ఆమె సంగతి సగంలో వదిలేశాను.

పింఛను వచ్చింది. బకాయిలతో సహా 1975 వేసవిలో ఆమె చేతికి అందింది. ఒక సోమవారం నాడే, అలవాటు ప్రకారం కాబోలు, అరటిపళ్ల అత్తం ఒకటి పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. నేను పుచ్చుకోనంటే వేపచెట్టు కింద పెట్టేసింది. అప్పుడు మాటల్లో తెలిసింది, ఆ పదకొండు నెలల్లో ఎనిమిదో తరగతి చదువుతున్న కొడుకును బడి మానిపించి సైకిలు షాపులో పెట్టిందని. పింఛను వస్తుందో రాదో తెలిస్తే అప్పో సప్పో చేసి చదివించేదాన్నని అన్నది. ఎవరినీ తప్పు పట్టి అనలేదు. జరిగినది చెప్పింది.

"ఇప్పుడు డబ్బు వచ్చిందిగా. అబ్బాయిని మళ్లీ బళ్లో వెయ్యమ్మా" అన్నాను.

ఆమె సంచీ చంకకు తగిలించుకున్నది. వీధివైపు చూసింది. వాడికి అప్పటికే నెలకింత అని జీతం వస్తున్నది, చేతులకు గ్రీజు అలవాటయింది.

"సూద్దాం బాబూ" అని వెళ్లిపోయింది.